ఆచార్య సత్యేంద్రనాథ బోసు

సంయోగములను లెక్కించు విద్య విద్యార్థులకు పరీక్షలో వచ్చు ప్రశ్నగానే తోచును. కాని ఆ విద్యతోనే కలకత్తాలో పుట్టిన ఒక అధ్యాపకులు భౌతికశాస్త్రమునకు క్రొత్త త్రోవ చూపిరి. వారే ఆచార్య సత్యేంద్రనాథ బోసు.

బోసుగారు 1894 జనవరి 1వ తేదీన జన్మించిరి. తండ్రి సురేంద్రనాథులు ఈస్టిండియన్ రైల్వేలో ఉద్యోగి. బోసుగారు హిందూ స్కూలునందును, ప్రెసిడెన్సీ కళాశాలయందును చదివి, 1915లో ఎం.ఎస్‌సి. పరీక్షయందు ప్రథమస్థానము నందిరి. మేఘనాద సాహా వారి సహాధ్యాయి. కొంతకాలము కలకత్తా విశ్వవిద్యాలయమున బోధించి, 1921లో ఢాకా విశ్వవిద్యాలయమునకు వెళ్లిరి.

వేడిమివలన వెలువడు వెలుగును గూర్చిన ప్లాంకు సూత్రము అప్పటికే ప్రసిద్ధము. ఫలితము సరియైనదే కాని, దానిని రాబట్టు మార్గము బోసుగారికి తృప్తి నీయలేదు. వారు వెలుగు కణములలో ఏది యెచ్చటనున్నదని చూడక, ఒక్కొక్క గదిలో ఎన్ని యున్నవో మాత్రమే చూచి లెక్కించిరి.

ఇది యెట్టిదో చిన్న ఉదాహరణముతో తెలియును. రెండు బంతులను మూడు పెట్టెలలో నుంచవలెను. బంతులకు వేర్వేరు గురుతులున్నచో 9 విధములు. గురుతు లెంచక సంఖ్యను మాత్రమే చూచినచో 6 విధములే: రెండును ఒకే పెట్టెలో నుండునవి 3, వేరువేరుగా నుండునవి 3. ప్రతి విధమునకును సమానావకాశ మున్నదనుకొన్నచో, రెండును కలిసియుండు అవకాశము మొదటి లెక్కలో మూడింట నొకపాలు, రెండవ లెక్కలో సగము. మన బంతులు మొదటి లెక్కను పాటించును. వెలుగు కణములు రెండవదానిని పాటించును.

1924 జూన్ 4వ తేదీన బోసుగారు తమ వ్యాసమును ఐన్‌స్టీనుకు పంపిరి. అప్పటికి వారి వయస్సు ముప్పది యేండ్లు. డాక్టరేటు పట్టము లేదు. ఐన్‌స్టీను దానిని స్వయముగా జర్మనుభాషలోనికి అనువదించి, ఆ యేడే ప్రకటింపజేసెను. ఆ లెక్కను పరమాణువులకును విస్తరింపజేసెను. ఐరోపాలో రెండేండ్లు గడపి బోసుగారు 1926లో తిరిగివచ్చిరి. ఐన్‌స్టీను సిఫారసు తోడ్పడగా, పట్టము లేకున్నను ఢాకాలో ఆచార్యపదవి లభించెను. ఈ లెక్కను పాటించు కణములకు డిరాక్ పండితుడు బోసానులని పేరిడెను.

1945లో వారు కలకత్తాకు మరలి వచ్చిరి. శాస్త్రజ్ఞానము సామాన్యులకు మాతృభాషలోనే అందవలెనని 1948లో వంగీయ విజ్ఞాన పరిషత్తును స్థాపించిరి. 1959లో జాతీయాచార్యులైరి. నోబెల్ బహుమానము మాత్రము వారికి రాలేదు. 1974 ఫిబ్రవరి 4వ తేదీన కలకత్తాలోనే దివంగతులైరి.

1995లో అమెరికా శాస్త్రజ్ఞులు రుబీడియము పరమాణువులను మిక్కిలి చల్లబరచి, అవి గుంపుగా ఒకే స్థితియందు చేరుటను కనుగొనిరి. ఆ కృషికి 2001లో నోబెల్ బహుమానము వచ్చినది. ఢాకాలో కాగితముపై వేసిన లెక్క డెబ్బదియేండ్ల పిమ్మట ప్రయోగశాలలో కంటికి కనబడెను.