జాన్ హంటర్
జాన్ హంటర్ (ఫిబ్రవరి 13, 1728 - అక్టోబర్ 16, 1793) స్కాట్లాండులో జన్మించి లండన్‌లో స్థిరపడిన సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు. మశూచి టీకాను ప్రవేశపెట్టిన ఎడ్వర్డ్ జెన్నర్ ఈయన శిష్యుడే.

ధమని గోడ బలహీనపడి బుడగలా ఉబ్బడాన్ని ఎన్యూరిజం అంటారు. ఆ కాలంలో మోకాలి వెనుక ఇది ఏర్పడితే ఉబ్బును కోసేవారు, లేదా కాలినే తొలగించేవారు. రెండింటిలోనూ ప్రాణాపాయం ఎక్కువ. 1785 డిసెంబరులో సెయింట్ జార్జి ఆసుపత్రిలో ఒక గుర్రపుబండి తోలేవానికి హంటర్ చికిత్స చేస్తూ, ఉబ్బును తాకకుండా ఎగువన తొడలోని ఆరోగ్యవంతమైన ధమనిని దారాలతో బిగించాడు. ప్రధాన మార్గం మూసినా పక్కనున్న చిన్న రక్తనాళాలు వెడల్పై కాలికి రక్తాన్ని అందిస్తాయన్నది ఈయన అంచనా. అదే నిజమైంది. రోగి కోలుకొని మళ్ళీ బండి తోలాడు. 1787లో అతడు వేరే జ్వరంతో మరణించగా, హంటర్ ఆ కాలిని పరిశీలించి భద్రపరచాడు.

1950వ దశకంలో కృత్రిమ గ్రాఫ్టులు వాడుకలోకి వచ్చేవరకు ధమనిని కట్టివేయడం ముఖ్య చికిత్సగా కొనసాగింది. తొడలో ధమని సాగే ఆ మార్గాన్ని నేటికీ హంటర్ కాలువ అని పిలుస్తారు.