రైలు లెక్కలు అడిగిన ఆచార్యుడు

హైటెక్ సిటీ మీదుగా రాయదుర్గం దాకా మెట్రో రైలు 2019లో వచ్చింది. ఇంకా ఎంత దూరం పొడిగించాలి, ఖర్చెవరు భరించాలి అనే మాట వచ్చినప్పుడల్లా మన విద్యార్థులు తలచుకోదగ్గ పెద్దమనిషి ఒకరున్నారు. ఆయనే డాక్టర్ అఘోరనాథ్ ఛటోపాధ్యాయ, సరోజినీ నాయుడు గారి తండ్రి.

తూర్పు బెంగాలులో పుట్టిన ఈయన ఎడింబరోలో సైన్సు డాక్టరేటు పొంది, 1878లో హైదరాబాదు వచ్చారు. ఇంగ్లీషు చదువులకు ఇక్కడ ఆయన వేసిన పునాది మీదే నిజాం కాలేజీ లేచింది.

వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లోనే రైలు నడిచింది. దాన్ని చాందా, అంటే నేటి చంద్రపూర్ దాకా పొడిగించాలన్న పథకం 1883లో ముందుకొచ్చింది. డబ్బు లండను కంపెనీ తెస్తుంది, వడ్డీకి హామీ నిజాం సర్కారు ఇస్తుంది. ఆదాయం చాలకపోతే లోటు ఖజానా పూడ్చాలి. ఖజానా అంటే రైతు కట్టిన శిస్తేగా! షరతులు జనం ముందు పెట్టి, చర్చ జరిగాకే ఒప్పుకోవాలని ముల్లా అబ్దుల్ ఖయ్యూం ప్రభృతులతో కలిసి ఆయన పట్టుబట్టారు. ఫలితం? ఉద్యోగం పోయింది, రాజ్య బహిష్కారం జరిగింది. పథకం ఆగలేదు, 1889కల్లా రైలు బెజవాడ చేరింది.

కొన్నేళ్లకు తిరిగొచ్చి మళ్లీ పాఠాలు చెప్పారు. 1915లో కలకత్తాలో కన్నుమూశారు. నాంపల్లి దగ్గరి ఆయన ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లోనే 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదలైంది. అది ఇప్పుడు గచ్చిబౌలిలో, ఐటీ కంపెనీల పొరుగునే ఉంది.

రైలు కావాలనడం ఎంత న్యాయమో, దాని లెక్క చూపమనడమూ అంతే న్యాయం. ఆ సంగతి నేర్పడానికి ఈ ఆచార్యుడు కొలువునే ఫీజుగా కట్టారు.