జోసెఫ్ బ్లాక్

జోసెఫ్ బ్లాక్ (ఏప్రిల్ 16, 1728 - డిసెంబరు 6, 1799) స్కాట్లండుకు చెందిన సుప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త, వైద్యుడు. బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడ్, సాధారణ గాలి కంటే భిన్నమైనదని నిరూపించినది ఈయనే. గుప్తోష్ణ సిద్ధాంతాన్ని కూడా ఈయనే ప్రతిపాదించాడు. పొడి మంచుతో యంత్రాలను శుభ్రపరచే నేటి పద్ధతికి ఈ రెండూ ఆధారాలు.

బాల్యము, విద్య

బ్లాక్ ఫ్రాన్సులోని బోర్డో నగరంలో జన్మించాడు. తండ్రి బెల్‌ఫాస్టు నుండి వచ్చి అక్కడ ద్రాక్షసారా వ్యాపారం చేసేవాడు. బ్లాక్ బెల్‌ఫాస్టులో పాఠశాల విద్య ముగించి గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ విలియం కల్లెన్ వద్ద రసాయన శాస్త్రం అభ్యసించి, ఆయనకు సహాయకుడయ్యాడు. 1754లో ఎడింబరోలో వైద్య పట్టా పొందాడు.

స్థిర వాయువు

ఆ కాలంలో మూత్రాశయంలోని రాళ్ళను కరిగించడానికి సున్నపు తేట వంటి ఘాటైన మందులు వాడేవారు. అంతకంటే సౌమ్యమైన మందును వెదకుతూ బ్లాక్ తెల్ల మెగ్నీషియాను పరీక్షించాడు. అది రాళ్ళను కరిగించలేదు. కాని బాగా కాల్చినపుడు దాని బరువు తగ్గింది. త్రాసుతో జాగ్రత్తగా తూచి, ఆ తగ్గుదలకు ముఖ్య కారణం ఒక వాయువు వెలువడడమేనని తేల్చాడు. ఘనపదార్థంలో బంధింపబడి ఉన్నందున దానికి స్థిర వాయువు అని పేరు పెట్టాడు. అది సున్నపు తేటను పాలవలె తెల్లబరుస్తుందని, దీపాన్ని ఆర్పుతుందని, అందులో జంతువులు జీవించలేవని, మనం విడిచే శ్వాసలోనూ ఉన్నదని కనుగొన్నాడు. ఈ ప్రయోగాల వివరాలు 1756లో ప్రచురింపబడినవి.

గుప్తోష్ణం

1756లో గ్లాస్గోలో ఆచార్యుడైన తరువాత ఉష్ణాన్ని పరిశోధించాడు. కరుగుతున్న మంచు ఎంతో ఉష్ణాన్ని గ్రహించినా దాని ఉష్ణోగ్రత పెరగదని గమనించి, ఆ దాగిన వేడికి గుప్తోష్ణమని పేరిచ్చాడు. అక్కడే పనిముట్లు చేసే జేమ్స్ వాట్‌తో స్నేహం ఏర్పడింది. 1766లో ఎడింబరోలో ఆచార్య పదవి చేపట్టాడు. బ్లాక్ గొప్ప బోధకుడు, కాని చాలా తక్కువగా ప్రచురించాడు. అందువలన గుప్తోష్ణ సిద్ధాంతం చాలాకాలం విద్యార్థులు వ్రాసుకొన్న ప్రతుల ద్వారానే వ్యాపించింది. ఆయన ఉపన్యాసాలను మరణానంతరం, 1803లో, జాన్ రాబిసన్ ప్రచురించాడు.

పొడి మంచు

1835లో ఫ్రాన్సుకు చెందిన తిలోరియే ఈ వాయువును ఘనరూపంలో చూచినట్లు ప్రకటించాడు. పొడి మంచు సాధారణ పీడనంలో ద్రవంగా మారకుండా, -78.5 డిగ్రీల సెల్సియస్ వద్ద నేరుగా వాయువవుతుంది. శుభ్రపరచేటపుడు బియ్యపు గింజలంతటి గుళికలను సంపీడిత గాలితో వేగంగా చిమ్ముతారు. గుళికల తాకిడికి, హఠాత్తుగా తగిలిన చలికి మురికి పెళుసుబారి పగులుతుంది. గుళికలు తమ గుప్తోష్ణాన్ని గ్రహించి వాయువుగా మారి వ్యాకోచించడంతో అది ఊడిపోతుంది. ఇసుక గాని, నీరు గాని, రసాయన ద్రావకాలు గాని మిగలవు. ఊడిన మురికిని మాత్రం ఎత్తివేయాలి. ఈ వాయువు తరచు ఇతర పరిశ్రమల ఉపఉత్పత్తిగా లభిస్తుంది. అయితే మూసిన గదులలో ఇది పేరుకొంటే ప్రాణాపాయం. ఇది జంతువుల శ్వాసకు పనికిరాదని బ్లాక్ ఆనాడే చూపాడు. అందుచేత పనిచేసే చోట గాలి ప్రసరణ తప్పనిసరి.

మరణం

అవివాహితుడైన బ్లాక్ ఎడింబరోలో 71వ యేట మరణించాడు. ఆయన సమాధి అక్కడి గ్రేఫ్రయర్స్ శ్మశానవాటికలో ఉంది.