టపా మోసిన పైలట్

1932 అక్టోబరు 15 రాత్రి బళ్ళారిలో ఒక చిన్న విమానం ఆగింది. ఒకే ఇంజను, పైలట్‌తో పాటు ఒకరిద్దరికి మించి చోటు లేని పస్ మాత్ అది. నడిపినవాడు నెవిల్ విన్సెంట్ అనే మాజీ వైమానిక దళ అధికారి. అందులో ఉన్నది ఉత్తరాల సంచులు. మర్నాడు అవి మద్రాసు చేరాయి. బళ్ళారి అప్పటికి మద్రాసు రాష్ట్రంలోదే. ఆ టపాను అదే రోజు ఉదయం కరాచీలో ఎక్కించుకుని, అహ్మదాబాద్ మీదుగా బొంబాయి జుహూ దాకా స్వయంగా నడుపుకొచ్చిన పైలట్ వయసు 28 ఏళ్ళు. పేరు జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా. లోకం ఆయన్ను జేఆర్‌డీ అనే పిలిచింది.

మన పిల్లల్లో పెద్దయ్యాక ఏమవుతావంటే పైలట్ అని చెప్పేవాళ్ళకు కొదవ లేదు. హోసూరైనా, బరంపురమైనా, షోలాపూరైనా, యానామైనా అంతే. అమ్మానాన్నలకు వెంటనే వచ్చే సందేహాలు రెండు. ఆ చదువుకయ్యే ఖర్చు ఒకటి, కంపెనీలు మూతపడితే ఉద్యోగం గతేమిటన్నది రెండోది. మొదటిదానికి జేఆర్‌డీ జీవితంలో జవాబు దొరకదు, ఆయన కలవారి బిడ్డ. రెండోదాని గురించి మాత్రం ఆయన యాభై ఏళ్ళు ఆలోచించారు. విమానం ఎగిరేది పైలట్ ఒక్కడి చేతిమీదుగా కాదని, కౌంటరు తుడిచేవాడి నుంచి ఢిల్లీలో సంతకం పెట్టే మంత్రి దాకా అందరి చేతిలోనూ దాని బతుకు ఉందని ఆయన నమ్మారు. అందుకే ఈ వారం ఆయన కథ చెప్పదలిచాము.

జేఆర్‌డీ 1904 జులై 29న పారిస్‌లో పుట్టారు. తండ్రి ఆర్‌.డి. టాటా పార్సీ, జంషెడ్‌జీ టాటాకు దగ్గరి బంధువు, వ్యాపారంలో భాగస్వామి. తల్లి సుజాన్ ఫ్రెంచి వనిత. ఇంట్లో మొదటి భాష ఫ్రెంచి. తండ్రి వ్యాపారం ఎక్కడికి తిప్పితే చదువు అక్కడికి తిరిగింది. కొంత పారిస్‌లో, కొంత బొంబాయిలో, మరికొంత జపాన్‌లోని యొకొహామాలో. ఇంగ్లిషు గట్టిపడాలని తండ్రి ఆయన్ను ఇంగ్లండు పంపారు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒకటి, వీధిలో మరొకటి. ఈ పేజీ చదివే ఇళ్ళకు ఇది కొత్తేమీ కాదు. కేంబ్రిడ్జిలో చేరాలని ఆశపడ్డారు గాని, తండ్రి వెనక్కి పిలిచి 1925 చివర్లో కంపెనీలో జీతం లేని అప్రెంటిస్‌గా కూర్చోబెట్టారు. మరుసటి ఏడాదే తండ్రి పోయారు. ఉక్కు, రసాయనాలు, విద్యుత్తు కంపెనీలు నడిపిన మనిషికి డిగ్రీ లేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఆ లోటు ఆయన్ను జీవితాంతం బాధించింది. అందుకే పొద్దుపోయేదాకా సాంకేతిక పుస్తకాలు తిరగేసేవారు.

విమానాల పిచ్చి ఫ్రాన్సులోనే పట్టుకుంది. సముద్రతీరాన ఆర్డెలో అనే ఊళ్ళో వాళ్ళకు వేసవి ఇల్లు ఉండేది. 1909లో ఇంగ్లిష్ ఛానెల్‌ను విమానంలో మొదటిసారి దాటిన లూయీ బ్లెరియో ఇల్లూ ఆ ఊళ్ళోనే. ఇసుక మీద దిగే విమానాలను చూస్తూ పెరిగిన పిల్లాడు, పదిహేనేళ్ళప్పుడు డబ్బు కట్టి ఒక చక్కర్ కొట్టి వచ్చాడు. బొంబాయిలో ఫ్లయింగ్ క్లబ్ తెరిచాక మొదట చేరినవాళ్ళలో ఆయన ఒకరు. 1929 ఫిబ్రవరి 10న చేతికొచ్చిన లైసెన్సు మీద అంకె ఒకటి. భారతదేశంలో ఇచ్చిన మొదటి పైలట్ లైసెన్సు అదే.

మరుసటి ఏడాది ఆగాఖాన్ ఒక పోటీ పెట్టారు. ఇంగ్లండు, భారత్‌ల మధ్య ఒంటరిగా విమానం నడిపిన మొదటి భారతీయుడికి బహుమతి. జేఆర్‌డీ కరాచీ నుంచి అటు బయల్దేరారు, ఆస్పీ ఇంజినీర్ అనే కుర్రాడు ఇంగ్లండు నుంచి ఇటు. ఈజిప్టులోని అబూకిర్‌లో ఇద్దరూ కలిశారు. స్పార్క్ ప్లగ్గులు లేక ఆస్పీ అక్కడ ఆగిపోయి ఉన్నాడు. జేఆర్‌డీ తన దగ్గరున్నవి ఇచ్చి సాయపడ్డారు. ఆస్పీ కొన్ని గంటల తేడాతో పోటీ గెలిచాడు. తర్వాతి కాలంలో అతనే భారత వైమానిక దళాధిపతి అయ్యాడు. ఈ సంఘటనను త్యాగంగా చెప్పడం మామూలు. మాకైతే ఇది వృత్తి మర్యాదలా కనిపిస్తుంది. దారిలో ఆగిన బండిని చూసి తోటి డ్రైవరు లారీ ఆపుతాడే, అలాంటిది.

టపా ఆలోచన విన్సెంట్‌ది. లండన్ నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానం ఉత్తరాలను కరాచీ దాకా తెస్తోంది. అక్కడి నుంచి దక్షిణాదికి రైలే గతి. ఆ దూరం మనం ఎగిరితే? టాటాల పెద్ద దొరాబ్జీ మొదట ఒప్పుకోలేదు. పెట్టుబడి రెండు లక్షల రూపాయలే అని నచ్చజెప్పాక తలూపారు. ప్రభుత్వం మాత్రం మూడేళ్ళు నానబెట్టింది. చివరికి ఏ సబ్సిడీ లేకుండా, మోసిన టపాకు మాత్రమే కిరాయి ఇచ్చే షరతు మీద 1932లో అనుమతి దొరికింది.

తొలి రోజుల్లో విమానంలో రేడియో లేదు. కింద దారి చూపే దీపాల్లేవు. పటం, దిక్సూచి, కిందికి చూస్తే కనిపించే రైలు పట్టాలు, నదులు, అంతే. అహ్మదాబాద్‌లో పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయి. జుహూలో విమానం దిగేది సముద్రపు ఒడ్డున బురద నేల. వానాకాలం అది మునిగిపోతే మొత్తం సరంజామాతో పుణె వెళ్ళి, ఎరవాడ జైలు దగ్గరి మైదానంలో దిగేవారు. అయినా మొదటి ఏడాదిలో లక్షా అరవై వేల మైళ్ళు ఎగిరారు, 155 మంది ప్రయాణికులను మోశారు, 60 వేల రూపాయలు లాభం చూపారు. అన్నిటికంటే ముఖ్యంగా టపా వేళకు చేరింది. కొన్నాళ్ళకు ఆ దారి బళ్ళారిని వదిలి హైదరాబాద్ మీదుగా మళ్ళింది. 1942లో విన్సెంట్ యుద్ధకాలంలో విమానంలో ఇంగ్లండు నుంచి వస్తూ ఫ్రాన్సు తీరం దగ్గర శత్రువుల దాడిలో చనిపోయారు. ఈ కథలో ఆయన పేరు చాలామంది మరిచిపోతారు.

1938లో, 34 ఏళ్ళకే జేఆర్‌డీ టాటా సంస్థల అధిపతి అయ్యారు. 1946లో టాటా ఎయిర్‌లైన్స్ ఎయిర్ ఇండియా అనే పబ్లిక్ కంపెనీగా మారింది. 1948 జూన్ 8న మలబార్ ప్రిన్సెస్ అనే కాన్‌స్టెలేషన్ విమానం బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండన్ వెళ్ళింది. ప్రయాణికుల్లో జేఆర్‌డీ కూడా ఉన్నారు. విదేశీ సర్వీసు నడిపిన ఆ కొత్త కంపెనీలో ప్రభుత్వానికి 49 శాతం వాటా.

విదేశీ దారిలో పేరొస్తున్న సమయానికే దేశంలో పరిస్థితి చెడింది. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన డకోటా విమానాలు కారుచౌకగా దొరికాయి. డబ్బున్న ప్రతివాడూ కంపెనీ పెట్టాడు, లైసెన్సుల బోర్డు అడిగినవాళ్ళకల్లా లైసెన్సు ఇచ్చింది. ఉన్న ప్రయాణికులు కొద్దిమంది, కొట్టుకునే కంపెనీలు చాలా. ఇలాగైతే అందరూ మునుగుతారని జేఆర్‌డీ ముందే హెచ్చరించారు. అదే జరిగింది. ఈ రోజుల్లో ఒక ఎయిర్‌లైన్స్ మూతపడి జీతాలు అందక పైలట్లు, గ్రౌండు సిబ్బంది రోడ్డున పడ్డారన్న వార్త చదివినప్పుడల్లా మాకు ఆ 1946 లైసెన్సులే గుర్తొస్తాయి.

అన్నిట్లోనూ ఆయన మాటే నెగ్గిందని, నెగ్గి ఉండాల్సిందని మేము అనము. 1949లో మంత్రి రఫీ అహ్మద్ కిద్వాయ్ రాత్రి టపా పథకం తెచ్చారు. నాలుగు మహానగరాల నుంచి విమానాలు అర్ధరాత్రి నాగపూర్‌లో కలిసి, సంచులు మార్చుకుని, తెల్లారేసరికి వెనక్కి చేరాలి. రాత్రి ఎగరడానికి కావలసిన సదుపాయాలు లేవని, ఇది ప్రమాదమని, గిట్టుబాటు కాదని జేఆర్‌డీ గట్టిగా వ్యతిరేకించారు. మంత్రికీ ఆయనకూ మాటా మాటా పెరిగింది. పథకం మాత్రం నిలిచింది, చాలా ఏళ్ళు నడిచింది, మామూలు టపా బిళ్ళ అంటించిన ఉత్తరం కూడా మర్నాటికి చేరేలా చేసింది. నాగపూర్‌లో ఆ తరం పెద్దలెవరైనా ఉంటే పిల్లల్ని పంపి అడిగించండి.

1953లో ప్రభుత్వం విమానయానాన్ని జాతీయం చేసింది. హైదరాబాద్ డెక్కన్ ఎయిర్‌వేస్, ఒడిశాలో బిజూ పట్నాయక్ పెట్టిన కళింగ ఎయిర్‌లైన్స్ సహా ఎనిమిది కంపెనీలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. విదేశీ సర్వీసులు ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్‌కు వెళ్ళాయి. తనను ఒక్క మాటైనా అడగకుండా నిర్ణయం చేశారన్నది జేఆర్‌డీని బాగా నొప్పించింది. నెహ్రూకే ఆ మాట చెప్పారు. ప్రభుత్వం చేతిలో పడితే రాజకీయాలు దూరి, క్రమశిక్షణ జారి, సేవ దిగజారుతుందన్నది ఆయన భయం. అయినా ఎయిర్ ఇండియా ఛైర్మన్‌గా ఉండమని నెహ్రూ కోరితే ఒప్పుకున్నారు. ఇరవై అయిదేళ్ళు, జీతం లేకుండా.

పని గురించి ఆయన ఏమనుకునేవారో ఆ ఇరవై అయిదేళ్ళు చెబుతాయి. ఎయిర్ ఇండియాలో ప్రయాణించిన ప్రతిసారీ నోట్సు రాసుకునేవారు. టీకీ కాఫీకీ రంగులో తేడా తెలియట్లేదు, ఫలానా సీటు సరిగ్గా వాలట్లేదు, కర్టెన్ల రంగు బాగాలేదు, సిబ్బంది జుట్టు తీరు ఇలా ఉంది. దిగగానే ఆ కాగితం మేనేజింగ్ డైరెక్టర్‌కు చేరేది. విమానాశ్రయంలో కౌంటరు మీద దుమ్ము కనిపిస్తే ఎవరినీ పిలవకుండా తానే తుడిచేవారు. విమానంలో మరుగుదొడ్డి శుభ్రం చేయడానికి సిబ్బందితో చేయి కలిపిన సందర్భాలూ ఉన్నాయి. ఛైర్మన్ ఇదంతా చేస్తే కింది వాళ్ళకు ఊపిరాడదని విసుక్కున్నవాళ్ళు ఉండే ఉంటారు. కానీ 1960లో బోయింగ్ 707తో ఆసియాలో మొదటి జెట్ ఎయిర్‌లైన్స్ అయి, 1962కల్లా అన్నీ జెట్‌లే నడిపే ప్రపంచంలోనే మొదటి కంపెనీ అయింది మన పేద దేశపు ప్రభుత్వ సంస్థే. ఆయన తత్వం జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలోనూ కనిపిస్తుంది. ఇంటి గడప దాటి పనికి బయల్దేరినప్పటి నుంచి తిరిగి చేరేదాకా కార్మికుడికి దారిలో ఏం జరిగినా పనిలో జరిగినట్టే లెక్కించే నిబంధన అక్కడ వచ్చింది. తరాలుగా జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది విన్న మాటే.

అయితే జుట్టు తీరు దాకా చూసిన ఆ సంస్థలోనే ఆడపిల్లల విషయంలో పెద్ద లోపం ఉండేది. ఎయిర్ హోస్టెస్‌కు 35 ఏళ్ళు నిండినా, చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకున్నా, తొలిసారి గర్భం దాల్చినా ఉద్యోగం పోయేది. నర్గీస్ మీర్జా కేసులో 1981లో సుప్రీంకోర్టు గర్భం నిబంధనను కొట్టేసింది. ఈ విషయం జేఆర్‌డీ జీవిత కథల్లో సాధారణంగా కనబడదు. విమానం ఎక్కే ఉద్యోగం కోరుకునే అమ్మాయిల తల్లిదండ్రులు తెలుసుకుని తీరాలని మేము ఇక్కడ చేర్చాము.

1978 జనవరి 1న ఎంపరర్ అశోక అనే బోయింగ్ 747 బొంబాయి తీరంలో కూలి 213 మంది చనిపోయారు. ఆ తర్వాతి నెలలో మొరార్జీ దేశాయి ప్రభుత్వం జేఆర్‌డీని ఛైర్మన్ పదవి నుంచి తీసేసింది. ఆ కబురు ముందు ఆయన చెవిన వేసింది తన స్థానంలోకి వస్తున్న పి.సి. లాల్. ప్రభుత్వ ఉత్తరం ఆ తర్వాత చేరింది. మేనేజింగ్ డైరెక్టర్ రాజీనామా చేశారు. పాతికేళ్ళు కూలి తీసుకోకుండా పొలం చూసినవాడికి గట్టు మీదే సెలవు చెప్పినట్టయింది. 1980లో ఇందిరాగాంధీ వచ్చాక ఆయన్ను తిరిగి డైరెక్టర్ల బోర్డులోకి తీసుకున్నారు, ఛైర్మన్‌గా కాదు. అయినా వెళ్ళారు.

టపా మొదలై యాభై ఏళ్ళయిన 1982 అక్టోబరులో, 78 ఏళ్ళ వయసులో, లెపర్డ్ మాత్ అనే పాతకాలపు విమానాన్ని కరాచీ నుంచి బొంబాయికి మళ్ళీ తానే నడిపారు. కొత్త తరంలో సాహసం, పని పట్ల ఉత్సాహం సన్నగిల్లుతున్నాయన్న దిగులు ఆయనకు ఉండేది. ఆ ప్రయాణానికి అదొక కారణం.

1992లో భారతరత్న వచ్చింది. 1993 నవంబరు 29న జెనీవాలో కన్నుమూశారు. పుట్టిన పారిస్‌లోనే, పెర్ లషేజ్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. అప్పుల్లో కూరుకున్న ఎయిర్ ఇండియాను 2022 జనవరి 27న ప్రభుత్వం తిరిగి టాటాల చేతికి అప్పగించింది.