కోనసీమ కన్న మురళీగానం

మీరు వేకువజామున ఆకాశవాణి భక్తిరంజని విని పెరిగినవారైతే కీర్తిశేషులు డాక్టర్ మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి కంఠమును మరువలేరు. ఆ కంఠము వెనుక రెండు వంశముల నాదసంపద ఉన్నది.

వారు 1930 జూలై 6న కోనసీమలోని శంకరగుప్తం గ్రామమున జన్మించిరి. తండ్రి పట్టాభిరామయ్య గారు వేణుగానమున నేర్పరి, సంగీతోపాధ్యాయులు. తల్లి సూర్యకాంతమ్మ గారు వైణికురాలు. వాగ్గేయకారులు ప్రయాగ రంగదాసు గారి కుమార్తె. ప్రసవమైన కొద్ది దినములకే ఆమె కన్నుమూసిరి. తల్లి వీణ వినే భాగ్యమే ఆ బిడ్డకు లేకపోయినది! తండ్రి కుమారుని పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి చెంత చేర్చిరి. త్యాగరాజస్వామి శిష్యపరంపర అట్లు లభించినది.

పసితనముననే విజయవాడ ఆరాధనోత్సవ వేదికపై పాడగా, హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ గారు ‘మురళీకృష్ణ’కు ముందు ‘బాల’ చేర్చి దీవించిరి. యుక్తవయసు రాకమునుపే 72 మేళకర్తలలోను కృతులు రచించుట మాతామహుని పోలిక కాక మరేమనగలము? నాలుగే స్వరములతో మహతి, లవంగి రాగములను కల్పించినప్పుడు కొందరు విద్వాంసులు తీవ్రముగా ఆక్షేపించిరి. వారు మాత్రము కచేరీలలో వానిని పాడుట మానలేదు.

1991లో పద్మవిభూషణులైరి. 2016 నవంబరు 22న చెన్నైలో పరమపదించిరి.