శ్రీ అయ్యగారి సాంబశివరావుగారు

మన కొత్తూరునుండి శంషాబాదు మీదుగా హైదరాబాదు నగరమునకు పోయివచ్చు విద్యార్థులు ఇ.సి.ఐ.ఎల్. అను బోర్డు గల బస్సులను చూచియే యుందురు. అది యేదో యొక యూరిపేరని తలంచువారు మనలో పెక్కుమంది కలరు. ఏ.ఎస్. రావునగరు అను పేరును విన్నవారికిని ఆ రావుగారెవరో తెలియదు. ఈ రెండు పేర్లకును మూలపురుషు లొక్కరే యగుటచే వారి చరిత్రమును సంగ్రహముగా వ్రాయబూనితిమి.

రావుగారు 1914వ సంవత్సరమున, నేటి పశ్చిమగోదావరి జిల్లాకు చెందిన మోగల్లు గ్రామమున జన్మించిరి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున చదివి, అచ్చటనే కొంతకాలము బోధించిరి. పిమ్మట టాటావారి విద్యార్థివేతనమును పొంది, అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున విద్యుచ్ఛాస్త్రమునందు ఉన్నతవిద్య నభ్యసించిరి. చదువు ముగిసిన పిదప స్వదేశమునకు మరలి, బొంబాయిలో హోమీ భాభాగారి పరిశోధనాలయమున చేరిరి.

ఆ దినములలో సున్నితమైన కొలత పరికరము కావలెనన్న విదేశములకు వ్రాసి తెప్పించుకొనవలసినదే. అది చెడినచో బాగుచేయువారును లేరు. ఈ పరాధీనతను తొలగించుటయే రావుగారి జీవితకార్యమయ్యెను. 1956 ఆగస్టు 4వ తేదీన ట్రాంబేలో అప్సర యను అణురియాక్టరు పని నారంభించినది. దాని యింధనము ఇంగ్లండునుండి వచ్చినది. కాని దానిని అదుపులో నుంచు ఎలక్ట్రానిక్ పరికరములను రావుగారి నాయకత్వమున మనవారే నిర్మించిరి. అణుచర్య హద్దు మీరినచో క్షణములలో కనిపెట్టి యాపవలసిన పని గనుక, ఇది యెంత భారమైన బాధ్యతయో చదువరులే యూహింపగలరు.

1966 జనవరిలో భాభాగారు విమానప్రమాదమున మరణించిరి. మరుసటి యేట, అనగా 1967లో, హైదరాబాదునందు ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ స్థాపింపబడెను. ఈ పొడుగుపేరునకు హ్రస్వరూపమే మన బస్సుల మీది ఇ.సి.ఐ.ఎల్. రావుగారు దానికి తొలి మేనేజింగు డైరెక్టరుగా నుండిరి.

ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 అను కంప్యూటరు 1969లో వెలువడెను. ఆ జాతి యంత్రములను నిర్మించి విక్రయించు భారమును హైదరాబాదు సంస్థ వహించెను. ఇందలి 12 అను అంక మేమిటో చెప్పెదము. కంప్యూటరునకు తెలిసిన అంకెలు రెండే: సున్న, ఒకటి. నాలుగు దీపములను వరుసగా నుంచి వానికి ఎడమనుండి 8, 4, 2, 1 అని విలువల నిత్తము. మొదటి రెండును కడపటిదియు వెలుగుచు, మూడవది ఆరియున్నచో 8, 4, 1 కలిసి 13 అగును. దీపము లెక్కువైనకొలది విధములు రెట్టింపగును. పండ్రెండింటితో 4,096 విధములు. టి.డి.సి.-12 ఒక్కమారు గ్రహించు మాట యిట్టి పండ్రెండు స్థానములది. తరువాత వచ్చిన టి.డి.సి.-316 యందు పదునారు స్థానములు గలవు. అందు 65,536 విధములు. కేవలము నాలుగు దీపములు పెరిగినంతనే పదునారు రెట్లయిన వింతను బాలురు పలకమీద లెక్కించి చూడవలెను.

ఆ యంత్రములు విదేశపు యంత్రములకంటె వెల హెచ్చనియు, ఆలస్యముగ వచ్చెననియు నిందించినవారు లేకపోలేదు. ఆ మాట కొంతవరకు నిజమే. అయినను, కొనితెచ్చుకొన్న యంత్రమును నడుపుటకును, భాగభాగమును స్వయముగ కూర్చుటకును గల భేదము గొప్పది. ఆ రెండవ విద్యను నేర్చిన యింజనీర్లు అనేకులు ఈ నగరమున తయారైరి. మన తలిదండ్రులు ఎన్నికలలో మీట నొక్కు వోటింగు యంత్రములను నిర్మించు రెండు సంస్థలలో నిదియు నొకటి.

రావుగారికి 1960లో పద్మశ్రీ, 1965లో భట్నాగరు బహుమానము, 1972లో పద్మభూషణము లభించెను. వారు 2003లో దివంగతులైరి. సంస్థ యుద్యోగుల నివాసమునకై వెలసిన కాలనీయే నేడు వారి పేర పెద్ద పేటయై యున్నది.