తలనొప్పి మందుతో తెలుగును నిలిపిన పంతులుగారు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం వారు అడిగినప్పుడు, ఇంజనీరును కనుక ఏ వంతెన గురించో రాసిస్తాననుకుని ఉంటారు. నేను ఒక వ్యాపారి గురించి రాస్తున్నాను. ఆయన మన బడిలో చదవలేదు. ఆయన జీవితం బొంబాయిలో, మద్రాసులో గడిచింది. అయినా నాకు ఆయన పరిచయమైంది మన ఆబిడ్స్‌లోనే. ఆయన పేరు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు.

ఆదివారం దుకాణాలు మూసి ఉంటే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచేవారు. మనలో చాలామంది అక్కడే లెక్కల గైడ్లు కొన్నాం, అక్కడే అమ్మాం. నాంపల్లి వైపు నుంచి నడుచుకుంటూ వెళ్లి, గోనెపట్టా ముందు గొంతుక్కూర్చుని, ఉర్దూలో బేరమాడి తెలుగు పుస్తకం కొనుక్కోవడం హైదరాబాదు పిల్లలకే దక్కిన భాగ్యం. అలా ఒకసారి అట్ట ఊడిన పాత భారతి సంచిక ఒకటి దొరికింది. సంపాదకుడి పేరు చదివి ఇంటికి తెచ్చాక, మా నాయనమ్మ తలగడ కింద ఉండే అమృతాంజనం సీసా వెనకున్నదీ ఆయనేనని తెలిసి ఆశ్చర్యపోయాను. పత్రికకూ పసుపుపచ్చ మందుకూ ఏమిటి సంబంధం?

సంబంధం చాలా ఉంది. పంతులుగారు 1867లో పుట్టారు. స్వగ్రామం కృష్ణా జిల్లా ఎలకుర్రు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో పట్టా పుచ్చుకున్నారు. కందుకూరి వీరేశలింగం రాతల ప్రభావం పడిన తరం వారిది. అప్పట్లో బి.ఏ. చదివితే సర్కారు ఉద్యోగం ఖాయం. ఆయన ఆ దారి పట్టకుండా మద్రాసులో, కలకత్తాలో వ్యాపారం చూసి, చివరికి బొంబాయి చేరారు. 1893లో అక్కడ అమృతాంజనం తయారు చేశారు. కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం లాంటివి కలిసిన లేపనం అది. నాకు నచ్చేది దాన్ని జనంలోకి తీసుకెళ్లిన తీరు. సంగీత కచేరీలకు వచ్చినవాళ్లకు ఉచితంగా పంచారు. రాత్రంతా మేలుకుని కచేరీ విన్నవాడికి తలనొప్పి రాకుండా ఉంటుందా! మందు గుణం ఏమిటో వాడినవాడి నుదురే చెప్పింది. మార్కెటింగ్ అనే మాట మనం నేర్చుకోకముందే ఆయన ఆ పని చేసి చూపించారు.

డబ్బు వచ్చింది. వచ్చినదాన్ని ఆయన ఎక్కడ పెట్టారన్నదే అసలు కథ.

1907లో సూరత్ కాంగ్రెస్‌కు వెళ్లి వచ్చాక, తెలుగువాళ్లకు తమ భాషలో ఒక పత్రిక కావాలని ఆయనకు గట్టిగా అనిపించింది. మరుసటి ఏడు బొంబాయి నుంచే ఆంధ్రపత్రిక వారపత్రికగా మొదలైంది. తెలుగు నేలకు అంత దూరాన, మరాఠీ, గుజరాతీ వినిపించే ఊళ్లో తెలుగు అక్షరాలు కూర్పించి అచ్చువేయడం ఎంత కష్టమో ఊహించండి. 1914లో మద్రాసుకు మారి దినపత్రిక అయింది. ఆ ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1924 జనవరిలో భారతి మాసపత్రిక వచ్చింది. పత్రికలకు కావలసిన అండ లేపనం అమ్మకాల నుంచి వచ్చేది. ఇంజనీరు భాషలో చెప్పాలంటే ఒక యంత్రం తిరుగుతూ ఇంకో యంత్రాన్ని తిప్పింది.

1926లో ఆంధ్ర గ్రంథమాల మొదలుపెట్టి మంచి పుస్తకాలను సామాన్యుడు కొనగల ధరకు ఇచ్చారు. అందులో పాల్కురికి సోమనాథుని బసవపురాణం ఒకటి. దాన్ని పరిష్కరించినవారు వేటూరి ప్రభాకరశాస్త్రి. సోమనాథుడు మన ఓరుగల్లు ప్రాంతపు కవి. ద్విపదలో, జనం నోట ఆడే తెలుగులో శివభక్తుల కథలు చెప్పినవాడు. ద్విపదను పండితులు చాలాకాలం చిన్నచూపు చూశారు. ఆ కావ్యానికి మద్రాసులో కూర్చున్న కృష్ణా జిల్లా వ్యాపారి డబ్బు పెట్టాడు. ప్రాంతాల లెక్కలు వేసుకునే అలవాటు మనకు ఎక్కువైంది కనుక ఈ మాట కాస్త గట్టిగానే చెబుతున్నాను.

కొమర్రాజు లక్ష్మణరావు గారి కథా ఇలాంటిదే. 1906లో మన హైదరాబాదులోనే విజ్ఞానచంద్రికా మండలి పెట్టిన కొమర్రాజు, తర్వాత తెలుగులో విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, అది పూర్తికాకుండానే 1923లో పోయారు. ఆగిపోయిన ఆ పనిని మళ్లీ నెత్తికెత్తుకున్నది పంతులుగారే. లాభం రాదని తెలిసిన పనికి వ్యాపారి ముందుకు రావడం ఎంత అరుదో వ్యాపారంలో ఉన్న మన మిత్రులకు నేను చెప్పక్కర్లేదు.

ఇదంతా ఎందుకు చేశారంటే, నాకు తోచిన జవాబు ఆయన గీతలో ఉంది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లినప్పుడు అరవై దాటిన వయసులో ఆయన కూర్చుని భగవద్గీతకు వ్యాఖ్యానం రాశారు. ఫలం మీద ఆశ లేకుండా పని చేయమన్న మాటను మనం పెళ్లి కార్డుల మీద, ఆఫీసు గోడల మీద వేసుకుంటాం. ఆయన దాన్ని తన చిట్టాపుస్తకాల్లో అమలు చేశారు. భక్తి అంటే పూజగదిలో గడిపే గంట అనుకున్న నాకు, జమాఖర్చుల్లో కూడా భక్తి కనిపిస్తుందని ఆయన జీవితం చదివాకే తెలిసింది. జనం ఆయన్ను దేశోద్ధారక అన్నారు, విశ్వదాత అన్నారు. బిరుదుల మీద నాకు పెద్ద గురి లేదు కానీ, ఈ రెండూ ఊరికే వచ్చినవి కావు.

మన సంఘం సమావేశాల్లో నిధి గురించి మాట వచ్చినప్పుడల్లా గేటుకు కొత్త కమాను కావాలనేవారూ, బడి గ్రంథాలయానికి తెలుగు పుస్తకాలు కావాలనేవారూ రెండు వర్గాలవుతారు. కమాను కట్టడం నా వృత్తికి దగ్గర. అయినా నా ఓటు పుస్తకాలకే. మా పిల్లలు తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. ఇది నా ఒక్క ఇంటి సంగతి కాదని మీకూ తెలుసు.

1937 నవంబరు 16న మద్రాసులో పంతులుగారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒప్పందం కుదుర్చుకున్నారు. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం వైపు అది పెద్ద అడుగు. ఆ రాష్ట్రం కోసం పదిహేనేళ్ల తర్వాత ప్రాణం ఇచ్చిన పొట్టి శ్రీరాములు పేరుతోనే చాలా ఏళ్లు మన నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో తెలుగు విశ్వవిద్యాలయం నడిచింది. శ్రీబాగ్ ఒప్పందం జరిగిన అయిదు నెలలకు, 1938 ఏప్రిల్ 11న పంతులుగారు కన్నుమూశారు.

ఆయన పత్రికలు రెండూ 1991లో ఆగిపోయాయి. అప్పటికి నేను ఇంజనీరింగు చదువుతున్నాను. లేపనం మాత్రం ఇవాళా నాంపల్లి స్టేషను బయట మందుల షాపులో దొరుకుతుంది. ఆంధ్ర గ్రంథమాల కూడా ఆయనతో ఆగలేదు. సోమనాథుని మరో పెద్ద గ్రంథం పండితారాధ్య చరిత్రను చిలుకూరి నారాయణరావు గారు పరిష్కరించగా 1939లో అచ్చువేసింది. అప్పటికి పంతులుగారు పోయి ఏడాది.